స్టాండర్డ్ హెరాల్డ్, ఒక ట్రంకు పెట్టె: పద్నాలుగేళ్ళ వాడకం తర్వాత

నా దగ్గరున్నది 1969 స్టాండర్డ్ హెరాల్డ్ మార్క్ త్రీ, నాలుగు తలుపుల కారు. 2011లో తెనాలిలో ఒక డాక్టరుగారి అబ్బాయి దగ్గర ఎనభై అయిదు వేలకు కొన్నాను. డాక్టరుగారు అప్పటికే పోయారు. మేముండేది విజయవాడలో. ఆటోనగర్ పది నిమిషాల దూరం కావడం ఇలాంటి బండి ఉన్నవాడికి సగం అదృష్టం. ఈ పద్నాలుగేళ్ళలో బండి పెట్టిన ప్రతి ఇబ్బందికీ అక్కడ ఏదో ఒక మందు దొరికింది. బండి కాగితాల విషయంలో నేను చేసిన తప్పులకు మాత్రం ఎక్కడా దొరకలేదు. అందుకే ఈ సమీక్షలో కారు సంగతి కొంత, కాగితాల సంగతి ఎక్కువ.

ముందు కారు. ఇంగ్లండ్‌లో ట్రయంఫ్ హెరాల్డ్ 1959లో వచ్చింది. గీసినవాడు ఇటలీకి చెందిన జొవాన్ని మికెలోట్టి. మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ వాళ్ళు 1961 నుంచి స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో దాన్ని తయారుచేశారు. మొదట్లో అది రెండు తలుపులది. అలాంటి కారులో వెనక సీట్లోకి ఎక్కడం మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు ఎంత అవస్థో చెప్పక్కర్లేదు. 1968లో నాలుగు తలుపులది మద్రాసు వాళ్ళే తెచ్చారు. ఆ రూపం ఇంగ్లండ్‌లో లేనే లేదు. 1972 నుంచి గెజెల్ అనే మోడల్ వచ్చింది. 1985లో స్టాండర్డ్ 2000 వచ్చి నడవలేదు, ఆ తర్వాత ఫ్యాక్టరీయే మూతపడింది. అంటే నా కారులో ముందు సగానికి ఇంగ్లండ్ నుంచి సామాను తెప్పించుకోవచ్చు గానీ, వెనక తలుపు, దాని అద్దం, దాని రబ్బరు ఏది పోయినా ఇంకో పాత బండి వెతుక్కోవలసిందే.

ఇంజను 948 సీసీ. ముప్పై అయిదుకి లోపే హార్స్‌పవర్. ఫస్ట్ గేరుకి సింక్రో లేదు, బండి పూర్తిగా ఆగాకే వేయాలి, లేకపోతే గీరుమని ఊరంతా వినిపిస్తుంది. నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే కాబట్టి ముందు బండికీ మనకీ మధ్య ఒక లారీ పట్టేంత ఖాళీ ఉంచుకుంటాను. ఆ ఖాళీలో ఎప్పుడూ ఒక ఆటో దూరుతుంది, అది వేరే సంగతి. వెనక చక్రాల అమరిక వల్ల మలుపులో వేగంగా వెళ్తూ ఠక్కున యాక్సిలరేటర్ వదిలేస్తే చక్రం లోపలికి ముడుచుకుంటుంది. ఒకసారి అనుభవమైతే చాలు, జన్మలో మళ్ళీ చేయరు. మే నెలలో బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ పడితే నా కళ్ళు రోడ్డు మీద ఉండవు, టెంపరేచర్ ముల్లు మీదే.

ఇక ఆనందం సంగతి. ఇరవై అయిదు అడుగుల చోటులో గుండ్రంగా తిరిగే కారు ఇది. మా సందులో కొత్త కార్లు మూడుసార్లు వెనక్కీ ముందుకీ ఆడితే నాది ఒక్కసారికే తిరుగుతుంది. బానెట్ అయితే, పక్కన రెండు కొక్కేలు తీసి ఎత్తితే మడ్‌గార్డులతో, లైట్లతో సహా ముందు భాగమంతా మొసలి నోరు తెరిచినట్టు ముందుకు వాలుతుంది. టైరు మీద కూర్చుని ఇంజను పని చేసుకోవచ్చు. పిల్లలు ఫొటోలు తీసుకునేది అప్పుడే.

కొన్నప్పుడు నా చేతికి వచ్చిన కాగితాలు రెండే: సి-బుక్కు, ఇన్సూరెన్సు. అవి చాలనుకున్నాను. మెకానిక్ సలహా మీద 2012లో ఎర్ర రంగు వేయించాను. పాతబడిన తెల్ల రంగు గీకుతుంటే అడుగున బూడిద రంగు కనిపించింది. ప్రైమర్ అనుకున్నాం. అదే ఏడాది వర్షాకాలంలో, వారధి దాటి తెనాలి వైపు మలుపు తిరుగుతుంటే ముందు కుడి చక్రం మెల్లగా పక్కకి మడత పడిపోయింది. వేగం లేదు కాబట్టి బతికాం. ఆ చక్రం దగ్గర ట్రనియన్ అని ఇత్తడి రంగు ముక్క ఒకటి ఉంటుంది. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఇనుప కడ్డీ ఒకటి దాని మరల్లో తిరుగుతుంది. ఆ కడ్డీ మరల దగ్గరే విరిగింది. మా మేస్త్రి ప్రతి సర్వీసుకీ దానికి శ్రద్ధగా గ్రీజు కొట్టేవాడు. ఎందుకు విరిగిందో ఇద్దరికీ అర్థం కాలేదు.

2013 సంక్రాంతి ముందు తెనాలి నుంచి ఫోను. డాక్టరుగారి కోడలు. ఇల్లు అమ్మేస్తున్నారట, అటక ఖాళీ చేస్తున్నారట. "అన్నయ్యగారూ, మామయ్యగారి కారు పెట్టె ఒకటుందండీ. మీకేమైనా పనికొస్తుందా, పాత పేపర్లవాడికి వేసెయ్యమంటారా?" అన్నారు. ఆ మధ్యాహ్నమే బస్సెక్కాను.

ఆకుపచ్చ రేకు ట్రంకు పెట్టె. పైన అరపొర ఎలకల పాలు, కింద అంతా క్షేమం. మద్రాసు ఇన్వాయిస్, ఓనరు చేతిపుస్తకం, గుడ్డ సంచిలో స్పానర్లు, ప్లగ్గు తీసే గొట్టం, అసలు తాళాల్లో రెండోది, గుండ్రటి పాత టాక్సు టోకెన్లు ఒక కట్ట, పెట్రోలు రసీదులు, కారు పక్కన డాక్టరుగారు పంచెకట్టులో నిలబడ్డ ఫొటో, నాలుగు పొడుగు నోటుపుస్తకాలు.

చేతిపుస్తకం తీసుకెళ్ళి మేస్త్రికి చూపించాను. ముందు ట్రనియన్‌కి గ్రీజు కాదు, గేరు ఆయిల్ పట్టించాలని స్పష్టంగా ఉంది. గ్రీజు గట్టిపడితే మరల్లోకి వెళ్ళదు, లోపల ఎండిపోయి, తేమ చేరి, తుప్పు పట్టి విరుగుతుంది. ఆయన కళ్ళజోడు సవరించుకుని ఆ పేజీ రెండుసార్లు చదివాడు. "నలభై ఏళ్ళుగా గ్రీజే కొడుతున్నాం సార్. పుస్తకం ఉందని ముందే చెప్పొచ్చు కదా" అన్నాడు, తప్పు నాదే అన్నట్టు. అప్పట్నుంచీ తొంభై నంబరు ఆయిలే. మళ్ళీ ఇబ్బంది రాలేదు.

ఇన్వాయిస్‌లో రంగు ఎదురుగా 'గ్రే' అని టైపు చేసి ఉంది. మేం ప్రైమర్ అనుకుని గీకి పారేసింది కంపెనీ వేసిన రంగు. డిక్కీలో స్పేరు చక్రం వెనక అరచేయంత మేర ఇంకా మిగిలి ఉంది, దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వను. కొత్తగా పాత కారు కొన్నవాళ్ళకు నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే: మొదటి ఏడాది రంగు జోలికి, సీట్ల జోలికి పోకండి. అమ్మినవాళ్ళ ఇంటికి మూడు నాలుగుసార్లు వెళ్ళండి, కాఫీ తాగండి, అటక గురించి అడగండి. బండి అమ్మేటప్పుడు కాగితాలు ఎవరికీ గుర్తుండవు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు గుర్తొస్తాయి.

నోటుపుస్తకాలు నేను చాలాకాలం పట్టించుకోలేదు. తేదీ, ఊరు, మీటరు రీడింగు, పెట్రోలు, అంతే కదా అనుకున్నాను. 1969 నుంచి 1984 దాకా ఒక్క ప్రయాణం వదలకుండా రాశారాయన. 'రేపల్లె, పురుడు కేసు', 'గుంటూరు, అమ్మాయి పరీక్ష', 'బెజవాడ, టైర్లు'. ఒకరోజు బండి వెనక ఫ్లోరు పని పడింది. వెనక సీటు కింద ఎడమవైపు తుప్పు చాలా లోతుగా ఉంది, మిగతా చోట్ల అంత లేదు. ఎక్కడో యాక్సిడెంటు అయి అతుకు వేసి ఉంటారని మేస్త్రి అనుమానం. ఆ రాత్రి ఊరికే నోటుపుస్తకం తిరగేస్తుంటే 1977 నవంబరు వచ్చింది. 19న దివిసీమ ఉప్పెన. 20వ తేదీ ఎదురుగా: 'భట్టిప్రోలు వరకే. ముందుకు రోడ్డు లేదు.' 21: 'రేపల్లె. మందులు.' 22: 'రేపల్లె. మందులు, బియ్యం.' 23న ప్రయాణం లేదు, ఒక్క ముక్క రాశారు: 'వెనక సీటు కింద ఉప్పునీరు. కడిగించాను.' ఆ పేజీ కింది మూల బురద మరక ఇప్పటికీ ఉంది, వేలితో తడిమితే గరుగ్గా తగులుతుంది.

ఫ్లోరంతా కోసి కొత్త రేకు వేద్దామన్న మేస్త్రిని ఆపాను. ఎంత మేర బలం పోయిందో అంతే కోయించి, మిగతా తుప్పు ఆపుచేసి, పైన మ్యాటు వేశాను. ఫీవా అనే అంతర్జాతీయ పాత వాహనాల సమాఖ్యకు ట్యూరిన్ చార్టర్ అని ఒక నియమావళి ఉంది. బండిని కొత్తదానిలా చేయడం కన్నా దాని వయసును, దాని మీద మిగిలిన గుర్తులను కాపాడడం మేలని దాని సారాంశం. అది నేను తర్వాత చదివాను. అప్పటికి నన్ను ఆపింది ఆ బురద మరకే.

ఇప్పుడు నా ఘనకార్యాలు. పెట్టె వచ్చిన నెలలోనే ఇన్వాయిస్ చిరిగిపోతుందేమోనన్న టెన్షన్‌తో ఒక జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించాను. మన ఇళ్ళలో పదో తరగతి సర్టిఫికెట్ నుంచి అన్నిటికీ చేసే మర్యాద అదే కదా. ఆ వేడికి, జిగురుకి డాక్టరుగారి ఊదారంగు సంతకం అలుక్కుపోయింది. రెండేళ్ళకు అంచుల్లో గాలి బుడగలు, పసుపు చార. ఆ ప్లాస్టిక్ ఊడదీస్తే కాగితం కూడా దానితోనే వస్తుంది. అలాగే ఉంది. ఫొటోని మామూలు ప్లాస్టిక్ ఆల్బంలో పెడితే అతుక్కుపోయింది, దాన్ని తీయడానికి నాలుగు రోజులు పట్టింది. వేపాకు వేస్తే పురుగు రాదని మా అమ్మ చెప్పింది. పురుగు రాలేదు గానీ టాక్సు టోకెన్ల మీద ఆకు మరకలు దిగాయి.

ప్రస్తుతం చేస్తున్నది, ఎనిమిదేళ్ళుగా పనిచేస్తున్నది ఇది. గుండుసూదులు, పిన్నులు, రబ్బరు బ్యాండ్లు అన్నీ తీసేశాను, కాగితానికి మొదటి శత్రువు తుప్పే. ఒక్కో కాగితం ఒక్కో మైలార్ (కాగితానికి అతుక్కోని, పాడుచేయని పారదర్శక ఫిల్మ్) కవరులో, కవర్లన్నీ యాసిడ్ లేని అట్టపెట్టెలో. కవరు మీద పెన్నుతో కాదు, లోపల చిన్న చీటీ మీద పెన్సిలుతో నంబరు. పెట్టె బీరువాలో మధ్య అరలో, ఆ బీరువా బాత్‌రూమ్ గోడకు ఆనకుండా. తేమ పీల్చే సిలికా జెల్ సంచులు వర్షాకాలంలో నెలకోసారి చూస్తాను. నీలం గుళికలు గులాబీ రంగుకు తిరిగితే వేడి చేసి మళ్ళీ వాడుకోవచ్చు, అయితే వంటింటి పెనం మీద కాదు. దీనికోసం విడిగా పాత మూకుడు పెట్టుకున్నాను, ఇంట్లో పెద్ద గొడవ తర్వాత. అన్నీ 600 డీపీఐలో స్కాన్ చేసి రెండు చోట్ల ఉంచాను. బండిలో తిరిగేది కలర్ ప్రింట్లే, అసలువి బీరువా దాటవు. కవర్లు, పెట్టెలు, స్కానింగు కలిపి తొమ్మిది వేల దాకా అయింది. ఎర్ర రంగుకి దీనికి నాలుగింతలు పోశాను.

పాత సి-బుక్కు సంగతి వేరే కథ. రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి వెళ్తే స్మార్ట్ కార్డు ఇస్తాం, పాత పుస్తకం ఇచ్చేయండి అన్నారు. అందులో 1969 నుంచి ప్రతి ముద్రా ఉంది. బతిమాలగా బతిమాలగా, చెల్లదని గుర్తుగా పంచింగ్ మెషిన్‌తో రెండు బెజ్జాలు కొట్టి తిరిగిచ్చారు. ఒక బెజ్జం సరిగ్గా మొదటి ఓనరు పేరు మీద పడింది. ముందుగానే స్కాన్ చేసి ఉంచుకోవడం వల్ల బతికాను. మీరు ఏ కౌంటరు దగ్గరికి వెళ్ళినా ముందు స్కాన్ చేసుకోండి.

2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు విడిగా రూల్సు తెచ్చింది. 50 ఏళ్ళు దాటి, మూలరూపం పెద్దగా మారని బండి అయితే అర్హత ఉంటుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000, పదేళ్ళ తర్వాత మళ్ళీ చేయించడానికి 5,000. కొత్తగా ఇచ్చే నంబరులో 'వీఏ' అక్షరాలు వస్తాయి, ఇప్పటికే నంబరు ఉన్నవాళ్ళు దాన్నే ఉంచుకోవచ్చు. నా బండికి వయసు చాలు, పాత పుస్తకం సాక్ష్యం చాలు. అయినా నేను వెళ్ళలేదు. వింటేజ్ కింద చేరితే ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, రిపేరుకు తప్ప రోజువారీ తిరగడానికి వీల్లేదు. ఆదివారం పొద్దున్న తెనాలి వెళ్ళి టిఫిను తిని రావడం ఏ ప్రదర్శన కిందికి వస్తుంది? బండిని షెడ్డులోనే ఉంచేవాళ్ళకు మాత్రం ఆ దారి మేలే.

ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు వచ్చాక ఇంధనం రబ్బరు గొట్టాలు రెండుసార్లు మార్చాను. పాత రకం రబ్బరు మెత్తబడి జిగురవుతుంది. ఇథనాల్‌కి తట్టుకునే గొట్టం అడిగి మరీ వేయించండి. దీని గురించి 1969 చేతిపుస్తకం ఏం చెబుతుంది పాపం.

పోయిన దసరాకు ఒకాయన వచ్చాడు. ఆయన దగ్గరా హెరాల్డ్ ఉంది, నాదానికన్నా అందంగా చేయించాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, లోపలికొచ్చి పెట్టె చూశాడు, గంటసేపు చూశాడు. కారు వద్దట, పెట్టె ఒక్కటే కావాలట. లక్షన్నర ఇస్తానన్నాడు. నేను కారుకు పెట్టినదానికి దాదాపు రెట్టింపు.

"ఇన్వాయిస్ మీద ఛాసీ నంబరు మీ బండిది కాదు కదండీ" అన్నాను.

"నంబరు ఎవరు చూస్తారండీ, ఫ్రేము కట్టించి గోడకు పెడితే" అన్నాడు. టీ ఇచ్చి పంపించాను.