కవిత్రయ భారతం: మూడు చేతుల రచన, ఎక్కడ మొదలుపెట్టాలి?

రాసిన మనిషి పోయాక వేరేవాళ్లు అందుకున్న రచనల్లో చాలావరకు రెండో చెయ్యి పడగానే చప్పబడతాయి. ఆంధ్ర మహాభారతం అలా కాలేదు. ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ తిరగేశాక కూడా నా అభిప్రాయం ఇదే. కాకపోతే వరుసగా చదివితే నష్టపోతారు.

నన్నయది 11వ శతాబ్దం, తిక్కనది 13, ఎఱ్ఱనది 14. ఆది, సభా పర్వాలు ముగించి అరణ్యపర్వం నడుమ నన్నయ ఆగిపోయాడు. తిక్కన ఆ ఖాళీని వదిలేసి విరాటపర్వం నుంచి చివరిదాకా 15 పర్వాలు రాశాడు. మధ్యలో మిగిలింది ఎఱ్ఱన పూరించాడు.

అతుకు చూడాలంటే అరణ్యపర్వం 4వ ఆశ్వాసం (పర్వంలోని ఒక భాగం) తీయండి. 142వ పద్యం దాకా నన్నయది. అక్కడ శరత్కాలపు రాత్రులు. ఆ వెంటనే ‘స్ఫురదరుణాంశు’ అంటూ ఎఱ్ఱన అదే శరత్తులో తెల్లవారుజాములు ఎత్తుకుంటాడు. నన్నయ కృతి ఇచ్చింది రాజరాజనరేంద్రుడికి; ఎప్పుడో గతించిన ఆ రాజుకే ఎఱ్ఱన అంకితం కొనసాగించాడు. తన పేరు వెనక్కి నెట్టుకున్నాడు. మొదట నన్నయలా సంస్కృత సమాసాలు దట్టించి, ఘోషయాత్ర, యక్షప్రశ్నల వైపు వెళ్లేకొద్దీ తెలుగు పెంచుతాడు. అందుకే విరాటపర్వంలోకి అడుగుపెట్టినప్పుడు కుదుపు ఉండదు. ఇంత నేర్పుగా ఒదిగినవాడిని మనవాళ్లు తక్కువే తలుచుకుంటారు!

తిక్కన దారి పూర్తిగా వేరు. నన్నయను అనుకరించలేదు, కృతిని హరిహరనాథుడనే దేవుడికి అంకితమిచ్చాడు, కథంతా మాటల మీద నడిపాడు. కీచకుడి ఘట్టంలో ద్రౌపది మాటలు పైకి చదివి చూడండి.

కాబట్టి కొత్తవాళ్లు విరాటపర్వంతో మొదలుపెట్టాలి. 5 ఆశ్వాసాలే. వాన కోసం విరాటపర్వం చదివించే అలవాటు మా సీమలో ఉన్నదే కాబట్టి కథ చెవిన పడే ఉంటుంది. తర్వాత ఉద్యోగపర్వం, ఆపైన ఆది, సభ, అప్పుడు అరణ్యం. శాంతి, ఆనుశాసనిక పర్వాల దగ్గర చాలామంది చేతులెత్తేస్తారు. అక్కడ కథ కంటే బోధ ఎక్కువ. రోజుకు పది పద్యాలు చాలు.

ఏ ప్రతి కొనాలన్న విషయానికొస్తే, తిరుమల తిరుపతి దేవస్థానం వారి 15 సంపుటాలు సౌకర్యం. ప్రతిపదార్థం, తాత్పర్యం రెండూ ఉన్నాయి. నన్నయను మాత్రం పైకి చదివాకే తాత్పర్యం చూడాలి, ఆయన సొగసు సగం చెవికే. నిఘంటువులో మాట దొరకకపోతే కారణం తరచూ గసడదవాదేశమే: గ, స, డ, ద, వలతో కనబడింది క, చ, ట, త, పల కింద వెతకండి. ఎఱ్ఱన తొలి పద్యంలో ‘పొంపిరివోయి’ ఉంది. ‘వోయి’ కోసం ‘పోవు’ చూడాలి.

పోతన మావాడే అని ఒంటిమిట్ట వైపు వాళ్లం గట్టిగా అంటాం గానీ, భాగవతంలో అతుకులు ఇంత నున్నగా లేవు. 5వ స్కంధం గంగనది, 6 సింగనది, 11, 12 నారయవి. నాలుగోది ముగించి అయిదులోకి వెళ్తే ధార సన్నబడిందని పద్యం పద్యానికీ తెలుస్తుంది. ఓపిక లేనివాళ్లు 5, 11, 12 వచనంలో చదువుకోవచ్చు. 6లో అజామిళుడి కథ మాత్రం పద్యాల్లోనే చదవండి.