ఒహాయో చిన్న ఊరి స్కూల్ డిస్ట్రిక్ట్: బస్సు ఉన్నన్నాళ్ళూ బాగుంది

కొలంబస్ శివార్లలోని డబ్లిన్, పావెల్ వైపు ఇళ్ళ ధరలు అందడం లేదు, కొలంబస్‌కి ఇంకాస్త దూరం జరిగితే స్కూళ్ళు ఎలా ఉంటాయని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. మా పిల్లలిద్దరూ కిండర్‌గార్టెన్ నుంచి అలాంటి చిన్న ఊరి డిస్ట్రిక్ట్‌లోనే చదువుతున్నారు. రేటింగులు, టెస్టు స్కోర్లు మీరే చూసుకోగలరు. నేను చెప్పాలనుకున్నది బస్సు గురించి.

గుంటూరులో ఆటోలో పదిమంది మధ్య ఇరుక్కుని బడికెళ్ళినదాన్ని, ఆ పసుపుపచ్చ బస్సంటే నాకు మొదట్లో ప్రాణం. సరిగ్గా ఇంటి ముందే ఆగేది. ఎర్రలైట్లు వెలిగేవి, పక్కనుంచి స్టాప్ బోర్డు తెరుచుకునేది, ముందు బంపర్ నుంచి పొడుగాటి కడ్డీ ఒకటి బయటికి జరిగేది, పిల్లలు బస్సుకి మరీ ఆనుకుని నడవకుండా. రెండువైపులా కార్లు ఆగిపోయేవి. దిగిన పిల్ల తన ఇంటి వైపు క్షేమంగా చేరేదాకా బస్సు కదలకూడదని ఇక్కడ చట్టమే ఉంది. మా డ్రైవరమ్మ అంతటితో ఊరుకునేది కాదు, నేను తలుపు తీసి కనిపించేదాకా కదిలేది కాదు. అరచెయ్యి ఎత్తి ‘ఆగు’ అనేది, అటూ ఇటూ చూసుకుని వేలితో ‘ఇక వెళ్ళు’ అని సైగ చేసేది. ఎంత అలవాటైపోయిందంటే, మా చిన్నోడు హాల్లోంచి వంటింట్లోకి రావాలన్నా నా చెయ్యి వంక చూసేవాడు.

అప్పట్లో ఎవరడిగినా కళ్ళు మూసుకుని కొనేయండి అనేదాన్ని. ఇప్పుడు అలా అనను.

చిక్కంతా లెవీతో వచ్చింది, అంటే బడుల కోసం ఊళ్ళో జనం ఓటేసి ఒప్పుకోవాల్సిన పన్ను. ఇక్కడ బడుల ఖర్చులో పెద్ద వాటా ఊళ్ళో ఆస్తి పన్ను నుంచే వస్తుంది. 1976 నాటి చట్టం ఒకటుంది. దాని ప్రకారం ఓటుతో వేసిన లెవీ ఇళ్ళ విలువతో పాటు పెరగదు. డీజిల్ పెరుగుతుంది, జీతాలు పెరుగుతాయి, వసూలు మాత్రం దాదాపు అక్కడే ఉంటుంది. అందుకే కొన్నేళ్ళకోసారి డిస్ట్రిక్ట్ వాళ్ళు జనం ముందుకొచ్చి ఇంకో లెవీకి ఓటెయ్యమని అడుక్కోవాలి. బడులు ఆస్తి పన్ను మీద ఇంతగా ఆధారపడే పద్ధతి రాజ్యాంగానికి విరుద్ధమని రాష్ట్ర సుప్రీంకోర్టు 1997లోనే చెప్పింది. ఓట్లు అడగడం మాత్రం ఆగలేదు.

మా లెవీ ఓడిపోయింది. మాకు ఓటు లేదు, హెచ్‌1బీ మీద ఉన్నాం. స్థానిక ఎన్నికల్లో కూడా పౌరులు కానివాళ్ళు ఓటెయ్యకూడదని 2022లో ఇక్కడి రాజ్యాంగంలోనే రాసేశారు. ఆస్తి పన్ను మాత్రం నెలనెలా ఇంటి వాయిదాతో కలిసి పోతూనే ఉంటుంది. మా డిస్ట్రిక్ట్‌కి ఆదాయపు పన్ను కూడా ఉంది, దానికి వేరే ఫారం, ఎస్‌డీ 100. అద్దెకుండేవాళ్ళకి కూడా తప్పదు, ముందే తెలుసుకుని రండి.

స్కూల్ బోర్డు మీటింగ్‌కి వెళ్ళాను. మనిషికి మూడు నిమిషాలు. నాకంటే ముందు మాట్లాడిన పెద్దాయన, పిల్లలంటే గిట్టక కాదు, వచ్చే పెన్షన్‌లో ఇంకో పన్ను పట్టదని అన్నాడు. ఆయన మీద కోపం తెచ్చుకోలేకపోయాను. నాకు ఒళ్ళు మండింది డిస్ట్రిక్ట్‌ని నడిపే సూపరింటెండెంట్ మాటకి. ఇకనుంచి బస్సులు ‘స్టేట్ మినిమమ్’ అట, వాతావరణం చెప్పినట్టు చెప్పేశాడు. అంటే, చట్టం తప్పనిసరి చేసినంతవరకే: ఎనిమిదో తరగతి దాకా, అదీ బడికి రెండు మైళ్ళకి మించి దూరంలో ఉంటేనే. హైస్కూల్‌కి అసలు లేదు. మా ఇల్లు రెండు మైళ్ళ లోపు. నడిచి వెళ్ళొచ్చని వాళ్ళ లెక్క. ఆ రోడ్డుకి ఫుట్‌పాత్ లేదు. ఒక పక్క మొక్కజొన్న చేను, ఇంకో పక్క గుంత, మధ్యలో దూసుకుపోయే పికప్ ట్రక్కులు. జనవరిలో ఏడింటికి ఇంకా చీకటే.

ఆ ఏడాది నా ఉద్యోగం సగం కార్ లైన్‌లో, అంటే పిల్లల్ని దింపడానికి, ఎక్కించుకోడానికి బడి ముందు కట్టే కార్ల వరసలో జరిగింది. ఒళ్ళో లాప్‌టాప్, చెవిలో టీమ్స్ కాల్. మేనేజర్ నన్నేదో అడుగుతాడు, మ్యూట్ తీసేలోపు లైన్ కదులుతుంది, వెనకవాడు హారన్ కొడతాడు. ఇద్దరివీ వేరే వేరే స్కూళ్ళు, వేరే వేరే టైములు. మా ఆయన ఆఫీసు డౌన్‌టౌన్‌లో, ఆయన వల్ల అయ్యేది కాదు.

ఆదుకున్నది ఎదురింటి పెద్దావిడ. వాళ్ళ ముంగిట్లో ‘లెవీ వద్దు’ అని బోర్డు పాతి ఉంది. నేను రోజూ పరుగులు పెట్టడం చూసి ఒకరోజు తనే వచ్చి, వారంలో రెండు రోజులు మీ పిల్లల్ని నేను దింపుతాను అంది. ఆ బోర్డు గురించి ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

తర్వాత లెవీ గెలిచింది, బస్సు తిరిగొచ్చింది. కానీ ఇంటి ముందు ఆగదు, మూడు వీధులకి కలిపి ఒక స్టాప్. డ్రైవరమ్మ ఈలోగా పక్క డిస్ట్రిక్ట్‌లో చేరిపోయింది. బ్యాండ్‌కి, ఆటలకి అప్పుడు పెట్టిన ఫీజులు మాత్రం అలాగే ఉన్నాయి.

టీచర్లు మంచివాళ్ళు, ఆ మాట ఇప్పటికీ అంటాను. హైస్కూల్లోనే కాలేజీ స్థాయి పాఠాలు చెప్పే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) క్లాసులు తక్కువే. పెద్దమ్మాయి కాలేజ్ క్రెడిట్ ప్లస్ అని, బడిలో ఉండగానే కాలేజీ కోర్సులు చేసుకోనిచ్చే రాష్ట్ర పథకం కింద పక్క ఊరి కాలేజీలో కోర్సులు చేస్తోంది. పబ్లిక్ కాలేజీ కాబట్టి ఫీజు లేదు, పుస్తకాలకీ పైసా కట్టలేదు. అక్కడికి దింపడం మాత్రం మళ్ళీ మన పనే.

మీ ఇద్దరిలో ఒకరు ఇంటి నుంచి పనిచేస్తుంటే రావచ్చు. ఇద్దరూ ఆఫీసుకి వెళ్ళేవాళ్ళయితే నేనైతే ధైర్యం చేయమనను. కానీ మా ఆయన్ని అడిగితే డబ్లిన్‌లో ఇంటికీ మా ఇంటికీ నెల వాయిదాలో తేడా చూపించి రమ్మనే అంటాడు, అదీ నిజమే. ఏ డిస్ట్రిక్ట్ అయినా రాబోయే ఏళ్ళ ఆదాయ వ్యయాల అంచనా బయటపెట్టాలి. ఏజెంట్ మాటలు పక్కనపెట్టి, ఆ కాగితంలో లోటు ఎప్పుడు మొదలవుతుందో చూసుకోండి. మా దాంట్లో చిన్నోడు హైస్కూల్లో చేరే ఏడాదే మొదలవుతోంది.