కారు డోర్ బీడింగ్: కంపెనీ రబ్బరు, అతికించే పట్టీ, చెన్నై వాన

చెన్నైలో ఏడాది వర్షపాతంలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాల కాలంలోనే కురుస్తుంది కాబట్టి, పాత కారు డోర్ చుట్టూ ఉండే రబ్బరు పట్టీ (బీడింగ్) ఎంతగా అరిగిపోయిందో మిగతా నెలల్లో పెద్దగా బయటపడదు. పదేళ్లు దాటిన మా హ్యాచ్‌బ్యాక్‌లో ఎడమవైపు ముందు, వెనుక మ్యాటింగ్ తడిసి ముక్కిన వాసన రావడంతో, కారు విడిభాగాలు దొరికే జీపీ రోడ్డులోని ఒక చిన్న దుకాణంలో ముందు డోర్‌కు కంపెనీ బీడింగ్ వేయించాను. ఒక వానకాలం పూర్తిగా గడిచింది. ఆ డోర్ నుంచి మళ్లీ చుక్క నీరు లోపలికి రాలేదు.

పాత బీడింగ్‌ను ఊడదీసి కొత్తదాని పక్కన పెట్టినప్పుడు తేడా స్పష్టంగా కనిపించింది. పాతదానిలో గొట్టంలా ఉబ్బి ఉండవలసిన భాగం, డోర్ రోజూ నొక్కుకునే చోట, పూర్తిగా చదునై, బొటనవేలితో నొక్కితే తిరిగి పైకి లేవడం లేదు. పై మూలలో వెంట్రుకంత చీలిక, దాని చుట్టూ తెల్లని పొడి ఉన్నాయి. కొత్తదానిలో ఆ గొట్టం మెత్తగా ఉంది, మూసినప్పుడు లోపలి గాలి పోవడానికి దాని పొడవునా సూదిబెజ్జాల వంటి రంధ్రాలు ఉన్నాయి, చట్రం రేకు అంచును పట్టుకునే గాడి లోపల సన్నని ఇనుప వెన్ను ఉంది. ఇది ఈపీడీఎం అనే రకం రబ్బరు. ఎండను, వేడిని, ఓజోన్‌ను బాగా తట్టుకుంటుంది కానీ, పెట్రోలియం గ్రీజు, నూనెలు తగిలితే ఉబ్బి పాడవుతుంది. మెరుపు కోసం చేతికందిన నూనె రాసే అలవాటు ఉన్నవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. రాయదలిస్తే సిలికోన్ గ్రీజు పలుచగా రాయవచ్చు.

ఇదే దుకాణంలో వెనుక జిగురు ఉన్న స్పాంజి పట్టీలు కూడా చుట్టలుగా దొరుకుతాయి. ధర కంపెనీ బీడింగ్‌లో సగం కూడా ఉండదు. కానీ నా అభిప్రాయంలో అవి ప్రధాన బీడింగ్‌కు బదులు కావు. గాలి శబ్దం తగ్గించడానికి అదనంగా అతికించుకునే వస్తువులు మాత్రమే. వాటి మందం మన డోర్ సందుకు సరిపోవాలన్న హామీ లేదు: పలుచనైతే నీరు ఆగదు, మందమైతే డోర్ సరిగా పడదు. ఆరుబయట నిలిపే కారుకు మే నెల ఎండలో జిగురు ఊడటం కూడా సాధారణమే.

అసలు ప్రశంసించవలసింది రబ్బరును కాదు, అది వేయడానికి ముందు జరిగిన పరీక్షను. రెండు డోర్లకూ బీడింగ్ కావాలని నేను అడిగితే, నెల్లూరు యాసలో మాట్లాడే అక్కడి పెద్దాయన, “నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో చూడకుండా రబ్బరు ఇస్తే మళ్లీ నా దగ్గరికే వస్తారు సార్” అన్నారు. కుర్రవాడిని టార్చితో లోపల కూర్చోబెట్టి, పైపుతో కింది నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా పైకి నీళ్లు పట్టించారు. పై నుంచి పోస్తే కారే చోటేదో తేలదు. తరువాత కాగితం ముక్కను డోర్‌లో పెట్టి మూసి, చుట్టూ ఒక్కొక్క చోట లాగి చూశారు. ముందు డోర్‌లో అది పట్టు లేకుండా జారి వచ్చింది, వెనుక డోర్‌లో గట్టిగా నిలిచింది.

వెనుక డోర్ లోపం వేరు. అద్దం పక్కనుంచి కొంత వాననీరు డోర్ లోపలికి దిగడం ఏ కారులోనైనా సహజమే. అది అడుగున ఉన్న రంధ్రాల గుండా బయటికి పోతుంది, డోర్ ప్యాడ్ (డోర్‌కు లోపలివైపు ఉండే పలక) వెనుక అతికించిన ప్లాస్టిక్ పొర దాన్ని క్యాబిన్‌లోకి రానివ్వదు. గతంలో పవర్ విండో బాగుచేసిన మరొక గ్యారేజీలో ఆ పొరను చించి, తిరిగి అతికించకుండా ప్యాడ్ బిగించేశారు. ఇక్కడ కొత్త షీటును బ్యూటైల్ టేపుతో (మెత్తని జిగురు రబ్బరు పట్టీతో) అతికించి, ఆకుల చెత్తతో మూసుకుపోయిన అడుగు రంధ్రాలను తెరిచారు. బీడింగ్ అక్కర లేకుండానే ఆ కారడం ఆగింది. వాన లేని రోజుల్లో కూడా ఎడమవైపు ముందు మ్యాటింగ్ తడుస్తుంటే, డోర్ జోలికి పోకుండా ఏసీ నీటి పైపు మూసుకుపోయిందేమో ముందు చూసుకోవాలి.

లోపాలూ ఉన్నాయి. కొత్త రబ్బరు వల్ల మొదట్లో డోర్‌ను కొంచెం బలంగా వేయవలసి వచ్చింది, క్రమంగా సర్దుకుంది. బీడింగ్ వేసిన మనిషి మూలల దగ్గర లాగకుండా అరచేత్తో నొక్కుకుంటూ పోయి, అతుకును అడుగు భాగంలో వచ్చేట్టు పెట్టడం బాగుంది కానీ, మ్యాటింగ్ లేపి కింది స్పాంజిని ఆరబెట్టే పని ఆ దుకాణం చేయదు. అది వదిలేస్తే వాసన పోదు సరికదా, కింది రేకు తుప్పు పడుతుంది. ఇంటి దగ్గర సీటు విప్పించి ఆ పని వేరుగా చేయించుకోవలసి వచ్చింది. రబ్బరుకు, కూలికి కలిపి అయిన ఖర్చు నాకు న్యాయంగానే తోచింది. కారు నిలపడానికి చోటు కావాలంటే మాత్రం దుకాణాలు తెరిచే వేళకే వెళ్లాలి.

ఏ బీడింగ్ అయినా వాననీటిని, వాటర్ వాష్ నీటిని ఆపుతుందే తప్ప, 2015 డిసెంబరులోనో, 2023 డిసెంబరు మిచాంగ్ తుఫానులోనో వచ్చినట్టు వీధిలో నీరు డోర్ల మట్టానికి చేరితే ఆపలేదు. కొనేటప్పుడు కుడి ఎడమలు, ముందు వెనుకలు సరిచూసుకోవడంతో పాటు, రబ్బరు వదులుగా చుట్టి ఉందో, మడిచి గట్టిగా కట్టేసి ఉందో చూడాలి. చాలా కాలం మడతపడి ఉన్న చోట గొట్టం నొక్కుకుపోయి, అక్కడే సందు మిగులుతుంది. నాకు మొదట ఇచ్చినది అలాంటిదే. అడిగితే మాట్లాడకుండా వేరేది తీసి ఇచ్చారు.