ఆరు నెలలకొక విడుదల: ఒంగోలు, చీమకుర్తి గేట్‌వేలపై ఓపెన్‌బీఎస్‌డీ

ఒంగోలులోని ఒక డిగ్రీ కళాశాలకూ, చీమకుర్తిలోని ఒక గ్రానైట్ ఎగుమతి కార్యాలయానికీ కంప్యూటర్ నెట్‌వర్క్ చూసుకునే బాధ్యత ఏళ్లుగా నాది. రెండు చోట్లా బయటి ఇంటర్నెట్‌కూ లోపలి యంత్రాలకూ నడుమ కాపలా ఉండే గేట్‌వే పెట్టెల్లో, ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌నే, 2016 సెప్టెంబరులో వచ్చిన 6.0 విడుదల మొదలుకొని 2025 అక్టోబరులో వచ్చిన 7.8 వరకు, నడుపుతున్నాను. నా సొంత ల్యాప్‌టాప్‌లో ఉన్నదీ అదే. యూనిక్స్ తరహా ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఇన్ని ఉండగా దీన్నే ఎందుకు పట్టుకున్నావని అడిగేవారికి నేను ముందుగా చెప్పేది భద్రత గురించి కాదు, దీన్ని తయారుచేసి విడుదల చేసే పద్ధతి గురించి. సలహా అడగడానికి పక్కన మరో మనిషి లేని చోట, ఒక్కడే నాలుగు యంత్రాలను కాచుకునేవాడికి ఆ పద్ధతే అసలైన ఆసరా అని నా అనుభవం.

థియో డి రాట్ 1995 అక్టోబరులో, ఇదే తరహా వ్యవస్థ అయిన నెట్‌బీఎస్‌డీ నుంచి విడిపోయి, కెనడాలోని కాల్గరీ నగరం కేంద్రంగా ఈ ప్రాజెక్టును మొదలుపెట్టారు. అప్పటినుంచి సుమారు ఆరు నెలలకొకసారి కొత్త విడుదల వస్తూనే ఉంది. ప్రతిసారీ అంకె 0.1 మాత్రమే పెరుగుతుంది, 6.9 తరువాత 7.0 వచ్చినప్పుడు అదేదో మహా మార్పు అని ఎవరూ చాటలేదు, అది కూడా మరో ఆరు నెలల పని మాత్రమే. ఒక విశేషం పూర్తికాలేదని విడుదలను నెలల తరబడి వాయిదా వేయరు. పూర్తికానిది తరువాతి విడుదల కోసం ఆగుతుంది. విడుదల అయిన వెంటనే సోర్స్ చెట్టు, అంటే వ్యవస్థ మూల కోడ్ మొత్తం, మార్పులకు మళ్లీ తెరుచుకుంటుంది, పెద్ద మార్పులన్నీ మొదటి నెలల్లోనే లోపలికి వస్తాయి, చివరి వారాల్లో దోషాలను సరిదిద్దడం తప్ప కొత్తది చేర్చడానికి ఒప్పుకోరు. రెండు విడుదలల నడుమ దాదాపు ప్రతిరోజూ తయారయ్యే స్నాప్‌షాట్లను, అంటే అప్పటి కోడ్‌తో తయారైన ప్రతులను, డెవలపర్లు తమ సొంత ల్యాప్‌టాప్‌లలోనే వాడుతుంటారు కనుక, విరిగిన భాగం ఏదైనా ఉంటే దాని బాధ ముందుగా తగిలేది వారికే.

ఈ లయ మా కళాశాల క్యాలెండరుకు కుదిరినట్టుగా మరే వ్యవస్థదీ కుదరలేదు. ఒక విడుదల సాధారణంగా ఏప్రిల్, మే నెలల్లో వస్తుంది, అప్పటికి పరీక్షలు ముగిసి ల్యాబులు ఖాళీగా ఉంటాయి. రెండోది అక్టోబరు ప్రాంతంలో, దసరా సెలవుల అటూ ఇటూగా వస్తుంది. ఎప్పుడు ఏ యంత్రాన్ని ఆపాలో సంవత్సరం మొదట్లోనే ప్రిన్సిపాల్ గారికి కాగితం మీద రాసి ఇవ్వగలుగుతున్నాను. ఇందులో ఒక కఠినమైన షరతు కూడా ఉంది: చివరి రెండు విడుదలలకే భద్రతా సవరణలు అందుతాయి, అంటే ఒక విడుదల ఆయుష్షు ఒక ఏడాదే. ఐదేళ్లు కదపకుండా వదిలేయాలనుకునే కార్యాలయాలకు ఇది నచ్చదు. నాకు మాత్రం, అయిదేళ్లకొకసారి చేసే భయంకరమైన మార్పిడి కన్నా, ఆరు నెలలకొకసారి చేసే చిన్న మార్పిడే మేలనిపిస్తుంది. చిన్న అడుగు వేసినప్పుడు ఏది మారిందో తెలుస్తుంది, విడుదలతోపాటు ఇచ్చే అప్‌గ్రేడ్ సూచనల పుట ఒకసారి చదివితే సరిపోతుంది.

ఆ మార్పిడి ఎంత తేలికైందో పాత విడుదలలు చూసినవారికే తెలుస్తుంది. 6.0 కాలంలో ఒక సవరణ వచ్చిందంటే సోర్స్‌కు ప్యాచ్ వేసి, వ్యవస్థకు గుండెకాయ అయిన కెర్నల్‌నో ఆ ప్రోగ్రామునో మన యంత్రంలోనే కంపైల్ చేసుకోవలసి వచ్చేది. చీమకుర్తిలోని పాత పెట్టెలో కెర్నల్ తయారయ్యేసరికి మధ్యాహ్న భోజనం ముగించి రావచ్చు. 2017 ఏప్రిల్‌లో 6.1తో సిస్‌ప్యాచ్ వచ్చి, సిద్ధమైన సవరణలను ఒకే ఆదేశంతో తెచ్చి పెట్టడం మొదలైంది. 2019లో 6.6 నాటికి సిస్‌అప్‌గ్రేడ్ తోడయింది. అది కొత్త విడుదల ఫైళ్లను తెచ్చి, డిజిటల్ సంతకాలను సరిచూసి, యంత్రాన్ని ప్రత్యేక కెర్నల్‌తో మళ్లీ లేపి, పని ముగించి, కొత్త వ్యవస్థలోకి తనంతట తానే వస్తుంది. ఆ పైన ప్యాకేజీలను ఒక ఆదేశంతో నవీకరించి, ఆకృతీకరణ ఫైళ్లలో మిగిలిన తేడాలేమైనా ఉంటే చూసుకోవడమే నా వంతు. ఒక విడుదలను దాటి పై విడుదలకు దూకడానికి మద్దతు లేదు, వరుసగా ఒక్కొక్క మెట్టే ఎక్కాలి.

సంతకాల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది నన్ను ఎంతో ఆకట్టుకున్న అంశం. 2014 మేలో వచ్చిన 5.5 నుంచి విడుదల ఫైళ్లన్నింటికీ సిగ్నిఫై అనే చిన్న సాధనంతో సంతకం చేస్తున్నారు. ప్రతి విడుదలకూ వేరే తాళం ఉంటుంది, ఆ తాళపు బహిరంగ భాగాన్ని అంతకుముందటి విడుదలలోనే చేర్చి పంపుతారు. అంటే ఈ రోజు నా యంత్రంలో ఉన్న వ్యవస్థకు, రేపు రాబోయే వ్యవస్థను ఎలా గుర్తుపట్టాలో ముందే తెలుసు. కాబట్టి ఏ దేశపు మిర్రర్ (ఫైళ్ల నకళ్లు ఉంచే సర్వర్) నుంచి తెచ్చుకున్నా, ఎవరి పెన్‌డ్రైవ్‌లో వచ్చినా నాకు అనుమానం ఉండదు. చీమకుర్తి కార్యాలయంలో లైన్ మందగించినప్పుడు ఒంగోలులోనే ఫైళ్లు దింపుకొని పెన్‌డ్రైవ్‌లో తీసుకువెళ్లడం నాకు మామూలే. ఆ పెన్‌డ్రైవ్ ఎన్ని చేతులు మారినా సంతకం సరిపోతే చాలు.

నెట్ పోయినప్పుడే నెట్‌వర్క్ మనిషికి పని పడుతుంది, అప్పుడు ఇంటర్నెట్‌లో వెతికే దారీ ఉండదు. అందుకే ఈ వ్యవస్థతోపాటే వచ్చే మాన్యువల్ పుటలను నేను దీని అతిపెద్ద సంపదగా లెక్కిస్తాను. ఇక్కడ కోడ్‌లో మార్పు చేసినవారు మాన్యువల్‌ను కూడా మార్చాలి; పుటలో తప్పుంటే దాన్ని కోడ్‌లోని దోషంతో సమానంగా చూస్తారు. ఏ రాకపోకలను వదలాలో, వేటిని ఆపాలో తేల్చే ఫైర్‌వాల్ నియమాల పుటలో వ్యాకరణమంతా, ఉదాహరణలతో సహా ఉంటుంది. కొత్తగా వ్యవస్థను పెట్టుకున్నవారు ఏమేం సరిచూసుకోవాలో చెప్పడానికి ఆఫ్టర్‌బూట్ అని ఒక పుట విడిగా ఉంది. మా కళాశాలలో నెట్‌వర్కింగ్ మీద ఆసక్తి చూపిన విద్యార్థులకు నేను ముందుగా ఇచ్చేది ఈ పుటల ముద్రిత ప్రతులే. వారు చదివిన ఇంగ్లీషు పాఠ్యపుస్తకాల కన్నా వీటిలో వాక్యాలు పొట్టిగా, సూటిగా ఉంటాయి.

ఫైర్‌వాల్ పీఎఫ్ 2001 డిసెంబరులో 3.0తో వచ్చింది. అంతకుముందు వాడుతున్న ఐపీఫిల్టర్ లైసెన్సు షరతులతో పేచీ రావడంతో దాన్ని తీసివేసి, తమదే కొత్తగా రాసుకున్నారు. నియమాల ఫైలు దాదాపు చదువుకునే వాక్యాల్లా ఉంటుంది: ముందు అన్నింటినీ అడ్డుకో, తరువాత హాస్టల్ నెట్‌వర్క్ నుంచి వెబ్‌కు వెళ్లనివ్వు, పరీక్షల సర్వర్‌కు మాత్రం ల్యాబు నుంచే రానివ్వు. ఫైలును అమలు చేయకముందే తప్పులున్నాయేమో సరిచూసే ఆదేశం ఉంది, దూరం నుంచి పనిచేసేటప్పుడు అది ప్రాణం కాపాడుతుంది. రెండు చోట్ల నడుమ గుప్త మార్గం వేసే వైర్‌గార్డ్ 2020లో 6.8తో కెర్నల్‌లోకే వచ్చిన తరువాత ఒంగోలు నుంచి చీమకుర్తి పెట్టెను చేరుకోవడానికి నేను వేరే సాఫ్ట్‌వేర్ పెట్టవలసిన అవసరమే లేకపోయింది. కళాశాలలో రెండు పెట్టెలను కార్ప్‌తో జత చేసి ఉంచాను. ఒకటి ఆగితే రెండోది అదే చిరునామాతో పని అందుకుంటుంది. అప్‌గ్రేడ్ రోజున కూడా అడ్మిషన్ల కౌంటరు ఆగకుండా ఉండడానికి కారణం అదే.

ఇక భద్రత. దూరపు యంత్రంలోకి భద్రంగా లాగిన్ కావడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో 2024 జులై 1న తీవ్రమైన దోషం ఒకటి బయటపడింది. జీలిబ్‌సీ అనే మూల లైబ్రరీ వాడే లైనక్స్ యంత్రాల్లో లాగిన్ కాకుండానే బయటివారు రూట్ అధికారం, అంటే యంత్రం మీద పూర్తి అధికారం, పొందే అవకాశం ఉందని క్వాలిస్ సంస్థ పరిశోధకులు వెల్లడించారు. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ పుట్టింది ఓపెన్‌బీఎస్‌డీ ప్రాజెక్టులోనే అయినా, ఓపెన్‌బీఎస్‌డీ యంత్రాలకు ఆ ప్రమాదం లేదు. ఆ దోషానికి మూలమైన పని, అంటే ప్రోగ్రామును మధ్యలో ఆపే సిగ్నల్ వచ్చిన క్షణంలో లాగ్ రాయడం, ప్రమాదకరమని గుర్తించి, దానికి సురక్షితమైన ప్రత్యేక ఫంక్షన్‌ను వారు 2001లోనే రాసుకున్నారు. ఇరవై ఏళ్లకు పైగా ఎవరి కంటా పడని ఆ జాగ్రత్త ఆ రోజు కాపాడింది. ఆ వారమంతా కళాశాలలోని లైనక్స్ సర్వర్లకు ప్యాచ్‌లు వేస్తూ తిరిగిన నేను గేట్‌వేల వైపు చూడవలసిన అవసరం రాలేదు. ఒక ప్రోగ్రాము తాను ఏ పనులు చేస్తుందో ముందే ప్రకటించి మిగిలినవన్నీ వదులుకునే ప్లెడ్జ్, ఏ ఫైళ్లు కనపడాలో పరిమితం చేసే అన్‌వీల్, ప్రతి బూట్‌కూ కెర్నల్ భాగాల అమరికను కొత్తగా కలపడం వంటివన్నీ అదే ఆలోచన నుంచి వచ్చాయి. వీటిని వాడేవాడు వెతికి ఆన్ చేసుకోనక్కరలేదు, మొదటి నుంచే అమలులో ఉంటాయి.

ఈ వ్యవస్థలో నేను ఎక్కువగా బాధపడే లోపం ఫైల్ సిస్టమ్, అంటే డిస్కులో ఫైళ్లను అమర్చే భాగం. ఎఫ్‌ఎఫ్‌ఎస్ అనే దీని ఫైల్ సిస్టమ్‌కు జర్నలింగ్, అంటే చేయబోయే మార్పులను ముందే చిట్టాలో రాసుకునే ఏర్పాటు, లేదు. కొంత రక్షణనిచ్చే సాఫ్ట్ అప్‌డేట్స్ అనే ఏర్పాటును కూడా 2023లో 7.4 నాటికి పనిచేయకుండా ఆపేశారు. కరెంటు హఠాత్తుగా పోతే తిరిగి లేచేటప్పుడు డిస్కు మొత్తాన్ని తనిఖీ చేసుకుంటుంది. చిక్కు పెద్దదైతే సొంతంగా నిర్ణయం తీసుకోకుండా, మనిషి వచ్చి ఆదేశించేదాకా ఆగిపోతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా ప్రాంతమంతా కరెంటు పోయింది, యూపీఎస్‌లు ఒక్కొక్కటీ చేతులెత్తేశాయి. తరువాత చీమకుర్తి వాచ్‌మన్ ఫోన్ చేసి, "సార్, కరెంటొచ్చి గంటయింది, పెట్టె లైటు వెలుగుతానే ఉంది, నెట్టు మాత్రం రాలా" అన్నాడు. వానలో సుమారు 20 కిలోమీటర్లు వెళ్లి, కీబోర్డు తగిలించి, తనిఖీ ఆదేశం ఇస్తే గానీ అది కదలలేదు. డేటా ఏమీ పోలేదన్నది నిజమే, ఎఫ్‌ఎఫ్‌ఎస్ ఆ విషయంలో జాగ్రత్తగానే ఉంటుంది. కానీ మనిషి లేని చోట పెట్టిన గేట్‌వే మనిషి కోసం ఎదురుచూడడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

మన జిల్లాల్లో దీన్ని పెట్టేవారికి నేను గట్టిగా చెప్పేదేమిటంటే, డిస్కును పెద్దది కొనకండి, ఉన్నదాన్ని చిన్న భాగాలుగానే ఉంచండి. ఇన్‌స్టాలర్ సూచించే విభజన చాలా వరకు సరైనదే. తరచుగా రాయనవసరం లేని భాగాలను చదవడానికి మాత్రమే ఉండేటట్టు మౌంట్ చేస్తే (వ్యవస్థకు జోడిస్తే) వాటికి తనిఖీ బెడదే ఉండదు; అయితే సవరణలు వేసే ముందు వాటిని తిరిగి రాయగలిగేలా మార్చుకోవాలి. యూఎస్‌బీ తీగతో బ్యాటరీ స్థితి చెప్పగలిగే యూపీఎస్ అయితే, వ్యవస్థలో ఉన్న సెన్సర్ల సేవ దాన్ని గమనించి, ఛార్జి పడిపోయినప్పుడు యంత్రాన్ని మర్యాదగా ఆపేటట్టు రాసుకోవచ్చు. అలా అమర్చిన తరువాత చీమకుర్తిలో నాకు ఆ ప్రయాణం మళ్లీ పడలేదు. గ్రానైట్ పొడి ఫ్యానును తినేస్తుంది కనుక అక్కడ ఫ్యాన్ లేని పెట్టెనే పెట్టాను.

ల్యాప్‌టాప్ విషయం క్లుప్తంగా చెబుతాను. ఇంటెల్ గ్రాఫిక్స్ ఉన్న పాత వ్యాపార తరగతి ల్యాప్‌టాప్‌లలో చక్కగా నడుస్తుంది. బ్లూటూత్ లేదు, సరిగా పనిచేయని కోడ్‌ను ఉంచడం కన్నా తీసివేయడం నయమని 2014లోనే తొలగించారు. ఎన్విడియా కార్డు ఉన్న యంత్రం కొనకండి. తెలుగు సంగతికొస్తే ఫైర్‌ఫాక్స్‌లోనూ, లిబ్రేఆఫీస్‌లోనూ నోటో ఖతులు వేసుకుంటే ఒత్తులు, గుణింతాలు సరిగానే కనిపిస్తాయి. ఆదేశాలు టైపు చేసే ఎక్స్‌టెర్మ్ కిటికీలోనూ, నల్లటి కన్సోల్‌లోనూ తెలుగు కుదరదు. బ్రౌజరుకు అన్‌వీల్ బిగించి ఉండడం వల్ల డౌన్‌లోడ్స్ సంచిలో లేని ఫైలును మెయిలుకు జతచేయబోతే అది కనిపించదు. ఆ కారణం తెలియని కొత్తవారు కంగారు పడతారు, ముందే చెప్పి ఉంచాలి. గ్రానైట్ కార్యాలయపు అకౌంట్లు నడిచే ట్యాలీ దీనిలో నడవదు, దానికి విండోస్ యంత్రం వేరే ఉండవలసిందే. ఆ విండోస్‌లో ఉన్న ఎస్‌ఎస్‌హెచ్ కూడా ఓపెన్‌బీఎస్‌డీ వారి కోడే అన్న సంగతి మాత్రం అక్కడి అకౌంటెంటుకు నేను సంతోషంగా చెప్పాను.

ఇంత ప్రపంచానికి పనికొచ్చే కోడ్ రాసే ఈ ప్రాజెక్టు, 2014 మొదట్లో సుమారు 20,000 డాలర్ల విద్యుత్ ఖర్చుకు డబ్బు లేక మూతపడే స్థితికి వచ్చింది. వారు మద్దతిచ్చే ప్రతి రకం ప్రాసెసరుకూ విడుదలను ఆ జాతి యంత్రం మీదే తయారుచేస్తారు, అందుకే అన్ని పాత యంత్రాలను వెలిగించి ఉంచాలి. వాడుకరులు ముందుకొచ్చి ఇచ్చిన విరాళాలతో ఆ గండం గడిచింది. 2007లో ఏర్పడిన ఓపెన్‌బీఎస్‌డీ ఫౌండేషన్ ద్వారా నేనూ ప్రతి ఏడాదీ కొంత పంపుతున్నాను, గ్రానైట్ కార్యాలయం యజమానిని కూడా ఒప్పించాను. వాణిజ్య ఫైర్‌వాల్ లైసెన్సుకు ఏటా కట్టవలసిన సొమ్ములో అది చిన్న భాగం. డబ్బు పంపలేనివారు చేయగల పని మరొకటి ఉంది. విడుదలకు నెలా రెండు నెలల ముందు బీటా ముద్ర పడిన స్నాప్‌షాట్ వస్తుంది; దాన్ని పక్కన పెట్టిన యంత్రంలో వేసి, బూట్ సందేశాలను ప్రాజెక్టు చిరునామాకు పంపితే, ఆ యంత్రంలోని పరికరాలు డెవలపర్ల లెక్కలోకి వస్తాయి. కళాశాల గోదాములో పడి ఉన్న పాత డెస్క్‌టాప్‌లతో మా విద్యార్థులు ఈ పని చేస్తున్నారు, వచ్చే విడుదలకు ముందు కూడా చేస్తారు.