కొత్త డెస్క్‌టాప్‌కి 4కె మానిటర్: మా ఓటు 27 అంగుళాల ఐపీఎస్‌కే

కొత్త డెస్క్‌టాప్ కట్టించుకునేవాళ్లు డబ్బులో ఎక్కువ భాగం ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్ కార్డుకీ పెట్టేసి, మిగిలిన దాంతో మానిటర్ తెచ్చుకుంటారు. ఈ వరస మార్చుకోవాలి. ప్రాసెసర్ కొన్నేళ్లకి పాతబడిపోతుంది, మంచి మానిటర్ తర్వాతి కంప్యూటర్‌కి కూడా పనికొస్తుంది. పైగా రోజంతా కళ్లు ఉండేది దాని మీదే. చదవడం, రాయడం, కోడింగ్, స్ప్రెడ్‌షీట్లు, ఫొటోలు సరిచేసుకోవడం లాంటి పనులు ఎక్కువగా చేసేవాళ్లకి 27 అంగుళాల 4కె ఐపీఎస్ (ఎల్‌సీడీ ప్యానెళ్లలో ఒక రకం) మానిటర్‌ని మించిన ఎంపిక లేదన్నది మా అభిప్రాయం. గేమ్స్ ఆడేవాళ్ల లెక్క వేరు, ఆ సంగతి కింద చెప్పాం.

4కె అంటే 3840×2160, మొత్తం 83 లక్షల పిక్సెళ్లు. ఫుల్ హెచ్‌డీకి (1920×1080, దీన్నే 1080పీ అంటారు) సరిగ్గా నాలుగు రెట్లు. అయితే అట్టపెట్టె మీది ఈ అంకె ఒక్కటీ చూస్తే సరిపోదు. అన్ని పిక్సెళ్లూ ఎంత తెరలో సర్దుకున్నాయో చూడాలి. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరలో అంగుళానికి 92 పిక్సెళ్లు ఉంటాయి. 27 అంగుళాల 1440పీలో (2560×1440) 109. 32 అంగుళాలని అమ్మే 4కె తెర చాలావాటిలో నిజానికి 31.5 అంగుళాలే, అందులో 140. 27 అంగుళాల 4కెలో 163. మామూలు 6/6 చూపున్న కన్ను ఒక డిగ్రీ వెడల్పులో సుమారు 60 పిక్సెళ్లని విడివిడిగా పోల్చుకోగలదు. 60 సెంటీమీటర్ల దూరంలో కూర్చుంటే ఒక డిగ్రీలో పడే పిక్సెళ్లు 27 అంగుళాల 1440పీలో 45, 32 అంగుళాల 4కెలో 58, 27 అంగుళాల 4కెలో 67. కంటి హద్దు దాటేది ఈ చివరిదొక్కటే. 27 అంగుళాల 5కె తెర 218 పిక్సెళ్లతో ఇంకా నున్నగా కనిపిస్తుంది కానీ, 1440పీ నుంచి 4కెకి మారినప్పుడు కనిపించేంత తేడా 4కె నుంచి 5కెకి మారితే కనిపించదు.

తెలుగు చదివేవాళ్లకి ఈ తేడా ఇంగ్లీషు చదివేవాళ్లకన్నా ముందే తెలుస్తుంది. 100 శాతం స్కేలింగ్‌లో (స్కేలింగ్ అంటే తెర మీది అక్షరాలనీ బటన్లనీ పెద్దవి చేసే సెట్టింగ్) 11 పాయింట్ల ఫాంట్‌కి దక్కే ఎత్తు దాదాపు 15 పిక్సెళ్లు. పైన గుడి, నడుమ అక్షరం, కింద ఒత్తు, ఒక్కోసారి దానికి తోడు మరో ఒత్తు, అన్నీ ఇంచుమించు అంతలోనే ఇమడాలి. ‘స్త్రీ’ అని టైప్ చేసి పాత ఫుల్ హెచ్‌డీ తెర మీద దగ్గరగా చూడండి. త ఒత్తూ ర ఒత్తూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి బూడిదరంగు మరకలా కనిపిస్తాయి. ద, ధ మధ్య తేడా చూపించే చిన్న గీతకి ఒక్క పిక్సెల్ మిగిలితే గొప్ప. అదే మాట 27 అంగుళాల 4కెలో 150 శాతం స్కేలింగ్ దగ్గర 22 పిక్సెళ్ల ఎత్తులో పడుతుంది. ఒత్తుల మధ్య తెల్లటి సందు కనిపిస్తుంది, గీత గీతలాగే ఉంటుంది. ప్రూఫులు దిద్దేవాళ్లు, డీటీపీ చేసేవాళ్లు, పీడీఎఫ్ పుస్తకాలు చదివేవాళ్లు ఈ ఒక్క కారణానికే 4కె తీసుకోవచ్చు.

స్కేలింగ్ గురించి సరిగ్గా తెలియక చాలామంది 4కె మానిటర్‌ని నిందిస్తారు. 27 అంగుళాల 4కెని 100 శాతంలో వాడితే అక్షరాలు చీమతలకాయలంత అయిపోతాయి, ఎవరూ అలా వాడకూడదు. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లేలోకి వెళ్లి స్కేల్ 150 శాతం పెట్టండి. అప్పుడు తెర మీద పట్టే సరుకు 2560×1440 తెరలో పట్టేంతే, గీతలు మాత్రం ఒకటిన్నర రెట్లు సన్నగా తేలతాయి. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ నుంచి మారేవాళ్లకి 150 దగ్గర అక్షరాలు కొంచెం చిన్నవనిపిస్తాయి. వాళ్లు 175 పెట్టుకుంటే పాత సైజుకి దగ్గరగా వస్తుంది. రిజల్యూషన్‌ని మాత్రం 3840×2160 నుంచి కదపొద్దు. అక్షరాలు పెద్దవి చేయడానికి రిజల్యూషన్ తగ్గించేవాళ్లు 4కె కొని 4కెని పారేసుకుంటున్నట్టే.

కొన్ని పాత ప్రోగ్రాములు 150 శాతంలో మసకగా వస్తాయి. స్కేలింగ్ సంగతి ఆ ప్రోగ్రాముకి తెలియదు కాబట్టి, అది చిన్నగా గీసిన బొమ్మని విండోస్ సాగదీసి చూపిస్తుంది. దాని ఈఎక్స్ఈ ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ ట్యాబ్ తెరిచి, చేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్ నొక్కండి. ఓవర్‌రైడ్ దగ్గర టిక్ పెట్టి ముందు సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్ ఎంచుకుని చూడండి. కుదరకపోతే అప్లికేషన్ ఎంచుకోండి. ఇందులో అక్షరాలు పదునుగా వస్తాయి కానీ బటన్లు చిన్నవైపోవచ్చు. మ్యాక్‌తో వాడేవాళ్లకి ఇంకో విషయం: 27 అంగుళాల 4కె మీద 1440పీ సైజు ఎంచుకుంటే మ్యాక్ ముందు 5120×2880లో గీసి, దాన్ని 4కెకి కుదిస్తుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది, గ్రాఫిక్స్ మీద మాత్రం ఆ మేరకు భారం పడుతుంది.

27 తీసుకోవాలా, 32 తీసుకోవాలా అనేది బల్ల లోతు చూసి తేల్చుకోవాలి. 27 అంగుళాల తెర వెడల్పు దాదాపు 60 సెంటీమీటర్లు, 31.5 అంగుళాలది దాదాపు 70. బల్ల లోతు 60 సెంటీమీటర్లే అయితే స్టాండ్ కొంత చోటు తినేశాక తెర కంటికి బాగా దగ్గరికి వచ్చేస్తుంది. 32 అంగుళాల తెర అంత దగ్గరైతే మూలల్లో ఉన్నది చూడ్డానికి తల తిప్పుతూ ఉండాలి. బల్ల 75 సెంటీమీటర్లున్నా, గోడకి బిగించే ఆర్మ్ ఉన్నా 32 హాయిగా ఉంటుంది. 125 శాతంలో 3072×1728 అంత చోటు దొరుకుతుంది కాబట్టి పెద్ద స్ప్రెడ్‌షీట్లకీ వీడియో టైమ్‌లైన్‌కీ అదే మేలు. ఆర్మ్ పెట్టే ఆలోచన ఉంటే వెనక ఆర్మ్ బిగించుకునే 100×100 మిల్లీమీటర్ల వెసా (VESA) ప్రమాణం రంధ్రాలు ఉన్నాయో లేదో కొనకముందే చూసుకోండి.

ఇక కేబుళ్లు. 4కె మానిటర్ మీద వచ్చే ఫిర్యాదుల్లో పెద్ద వాటా వీటిదే. మౌస్ బాణం గెంతుతూ కదులుతుంటే, విండోని లాగితే తోక కనిపిస్తుంటే, తెర 30 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకి 30 సార్లే బొమ్మ మారుస్తూ నడుస్తోందని అనుమానించాలి. హెచ్‌డీఎంఐ 1.4 గొట్టంలో 4కెకి 30 హెర్ట్జ్‌కి మించి పట్టదు. 60 కావాలంటే హెచ్‌డీఎంఐ 2.0 ఉండాలి, అది సెకనుకి 18 గిగాబిట్లు మోస్తుంది. కంప్యూటర్ పోర్టు, కేబుల్, మానిటర్ పోర్టు మూడూ ఆ స్థాయివే అయి ఉండాలి, ఒక్కటి వెనకబడినా మిగతా రెండూ దాని దారికే వస్తాయి. కొన్ని మానిటర్లలో పోర్టు 2.0 అయినా మెనూలో 1.4 పెట్టి పంపిస్తారు, దాన్ని మార్చుకోవాలి. హెచ్‌డీఎంఐ కేబుల్ కొనేటప్పుడు 60 హెర్ట్జ్‌కి ప్రీమియం హై స్పీడ్ అనీ, 120కి అల్ట్రా హై స్పీడ్ అనీ సర్టిఫికేషన్ లేబుల్ ఉన్నదే తీసుకోండి.

డెస్క్‌టాప్‌కైతే హెచ్‌డీఎంఐ బదులు డిస్‌ప్లేపోర్ట్ అనే మరో రకం పోర్టు వాడమనే మా సలహా. 1.2 వెర్షన్‌కే 4కె 60 హెర్ట్జ్ వచ్చేస్తుంది, 1.4లో 120 దాకా వెళుతుంది, 144కి డీఎస్‌సీ అనే కంప్రెషన్ తోడు కావాలి. పేరులేని చవక కేబుళ్లతో మాత్రం జాగ్రత్త. ప్రమాణం ప్రకారం రెండు చివర్లలోని 20వ పిన్నులని కేబుల్ లోపల కలపకూడదు. నాసిరకం కేబుళ్లలో కలిపేస్తారు. దాంతో మానిటర్ నుంచి 3.3 వోల్టుల కరెంటు వెనక్కి గ్రాఫిక్స్ కార్డులోకి వస్తుంది. కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు ఒకసారి బూట్ అయి ఇంకోసారి మొండికేస్తే, మదర్‌బోర్డుని అనుమానించే ముందు ఈ కేబుల్ పీకి చూడండి. వెసా సర్టిఫికేషన్ ఉన్న డీపీ8కె (డిస్‌ప్లేపోర్ట్ 8కె) కేబుల్, రెండు మీటర్లలోపుది, ఏ పేచీ పెట్టదు.

కొత్తగా డెస్క్‌టాప్ కట్టినవాళ్లు చేసే మరో పొరపాటు, కేబుల్‌ని మదర్‌బోర్డు పోర్టుకి పెట్టడం. గ్రాఫిక్స్ కార్డు ఉంటే దాని పోర్టుకే పెట్టాలి. చివర ఎఫ్ అక్షరం ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో లోపల గ్రాఫిక్స్ ఉండదు కాబట్టి, మదర్‌బోర్డు పోర్టులో పెడితే బొమ్మే రాదు.

హెచ్‌డీఎంఐలో రంగుల తగాదా ఒకటుంది. నలుపు బూడిదలా, తెలుపు వెలిసిపోయినట్టు ఉంటే, గ్రాఫిక్స్ కార్డు మానిటర్‌ని టీవీ అనుకుని 0 నుంచి 255 వరకు ఉండే వెలుగు మెట్లలో 16 నుంచి 235 వరకే పంపుతోందన్నమాట. డ్రైవర్ సెట్టింగుల్లో అవుట్‌పుట్ డైనమిక్ రేంజ్ ఫుల్ అని మార్చండి. నీలం మీద ఎర్రని అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తే తెర రంగు వివరాన్ని కుదించి పంపే 4:2:0 లేదా 4:2:2 పద్ధతిలో నడుస్తోంది. దాన్ని ఆర్‌జీబీకి లేదా 4:4:4కి మారిస్తే సరిపోతుంది.

ప్యానెళ్లలో ఐపీఎస్‌ని ఎందుకు ఎంచుకున్నామంటే, ఎటు నుంచి చూసినా రంగు మారదు, అక్షరాల అంచులు శుభ్రంగా ఉంటాయి. దాని బలహీనత నలుపు. మామూలు ఐపీఎస్ కాంట్రాస్ట్ (తెలుపు వెలుగుకీ నలుపు వెలుగుకీ ఉన్న నిష్పత్తి) 1000:1 దగ్గర ఆగుతుంది, చీకటి గదిలో మూలలు మెరుస్తాయి. వీఏ అనే మరో రకం ఎల్‌సీడీలో 3000:1 దాకా నలుపు బాగుంటుంది కానీ, నల్లని నేపథ్యం మీద స్క్రోల్ చేస్తే చాలా ప్యానెళ్లలో అక్షరాల వెనక మసి పూసినట్టు జాడ వస్తుంది. ప్రతి పిక్సెలూ తనంతట తానే వెలిగే ఓఎల్‌ఈడీలో బొమ్మ అద్భుతం, సినిమాలకీ గేమ్స్‌కీ దానికి సాటి లేదు. కదలని టాస్క్‌బార్‌ని రోజుకి పది గంటలు చూపించే ఆఫీసు పనికి మాత్రం బర్న్-ఇన్ (కదలని బొమ్మ జాడ తెర మీద శాశ్వతంగా ఉండిపోవడం) భయం నిజమైనదే. క్యూడీ-ఓఎల్‌ఈడీ అనే రకంలో చాలా ప్యానెళ్లలో సబ్‌పిక్సెళ్లు (ఒక్కో పిక్సెల్‌లోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలు) త్రికోణంగా పేర్చి ఉంటాయి కాబట్టి, అక్షరాల అంచుల్లో లేత రంగు కూడా తొంగిచూస్తుంది.

ఈ వర్గానికి కొలబద్దగా పెట్టుకోదగ్గది డెల్ 2022లో తెచ్చిన యూ2723క్యూఈ. ఐపీఎస్ బ్లాక్ అనే ప్యానెల్‌తో 2000:1 కాంట్రాస్ట్, 400 నిట్‌ల వెలుగు, సినిమాలకి వాడే డీసీఐ-పీ3 రంగుల శ్రేణిలో 98 శాతం. ఎత్తు మారే స్టాండ్, లోపలే యూఎస్‌బీ హబ్, నెట్‌వర్క్ పోర్టు, 90 వాట్ల యూఎస్‌బీ-సీ. లోపాలూ స్పష్టంగానే ఉన్నాయి: 60 హెర్ట్జే, స్పీకర్లు లేవు, ప్యానెల్ వేగం గేమ్స్‌కి చాలదు. 2025లో వచ్చిన యూ2725క్యూఈ 120 హెర్ట్జ్, 3000:1, థండర్‌బోల్ట్ 4తో మొదటి లోపాన్ని తీర్చింది. ఒట్టి డెస్క్‌టాప్ మాత్రమే ఉన్నవాళ్లకి ఆ యూఎస్‌బీ-సీ చార్జింగ్‌తో పనిలేదు, చాలా మదర్‌బోర్డుల్లో సీ పోర్టు నుంచి బొమ్మ కూడా రాదు. అలాంటివాళ్లు ఆ సౌకర్యాలు లేని సాదా 4కె ఐపీఎస్ తీసుకుని డబ్బు ఆదా చేసుకోవచ్చు. ల్యాప్‌టాప్ కూడా అదే బల్ల మీద వాడేవాళ్లకైతే పెట్టిన డబ్బు వృథా కాదు. హబ్ పనిచేయాలంటే డిస్‌ప్లేపోర్ట్‌తో పాటు యూఎస్‌బీ కేబుల్ కూడా విడిగా పెట్టాలి, అది మరిచిపోయి పోర్టులు చచ్చిపోయాయనుకునేవాళ్లు ఎందరో.

హెచ్‌డీఆర్ అంటే ఒకే బొమ్మలో బాగా వెలుగున్న చోట్లనీ బాగా చీకటి చోట్లనీ కలిపి చూపించడం. డిస్‌ప్లేహెచ్‌డీఆర్ 400 అన్న ముద్రకి అదనంగా డబ్బు పెట్టకండి. ఆ స్థాయికి తెరలో భాగాలు భాగాలుగా వెలుగు తగ్గించే ఏర్పాటు తప్పనిసరి కాదు, అది లేకుండా హెచ్‌డీఆర్ అనిపించుకోదు.

గేమ్స్ ముఖ్యమైతే 27 అంగుళాల 1440పీ, 144 హెర్ట్జ్ లేదా ఆపైన తీసుకోండి. 4కెలో గ్రాఫిక్స్ కార్డు గీయాల్సిన పిక్సెళ్లు 1440పీకి రెండుంబావు రెట్లు. 4కె తెర మీద 1440పీలో ఆడదామంటే ఒక పిక్సెల్ ఒకటిన్నర పిక్సెల్ అవ్వాలి, అందుకే మసకబారుతుంది. 1080పీ సరిగ్గా రెట్టింపు కాబట్టి డ్రైవర్‌లో ఇంటీజర్ స్కేలింగ్ పెడితే పిక్సెళ్లు పదునుగానే ఉంటాయి, వివరం మాత్రం 1080పీదే. తక్కువ పిక్సెళ్లతో గీసి తెలివిగా పెద్దది చేసే డీఎల్ఎస్ఎస్, ఎఫ్ఎస్ఆర్ ఉన్న గేముల్లో ఈ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది.

మానిటర్ ఇంటికొచ్చాక తనిఖీ వాయిదా వేయొద్దు. ముందు డిస్‌ప్లేలో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిచి రిజల్యూషన్, హెర్ట్జ్, బిట్ డెప్త్ (రంగుల మెట్ల లెక్క) సరిగ్గా ఉన్నాయా చూడండి. తర్వాత తెర నిండా నలుపు, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కటిగా వేసి చెడిపోయిన పిక్సెళ్లు వెతకండి. మచ్చ కనిపిస్తే మెత్తటి గుడ్డతో తుడిచి చూడండి, అది దుమ్మే అయి ఉండొచ్చు. గదిలో దీపాలు ఆర్పి నల్లని తెర చూడండి. మీరు తల కదిపినప్పుడు వెలుగు కూడా కదిలితే అది ఐపీఎస్ గ్లో, మానిటర్ మార్చినా ఉంటుంది. కదలకుండా అంచున ఒకేచోట ఉంటే బ్యాక్‌లైట్ కారుతోందని అర్థం, ఎక్కువగా ఉంటే వాపసు ఇవ్వండి. మెనూలో షార్ప్‌నెస్ తటస్థ స్థానం కొన్నిటిలో 50, కొన్నిటిలో 0. అక్షరాల చుట్టూ తెల్లటి అంచు కనిపిస్తే తగ్గించుకోండి. పిక్సెళ్లు త్వరగా రంగు మార్చేలా చేసే ఓవర్‌డ్రైవ్‌లో చివరి మెట్టు ఎప్పుడూ పెట్టకండి, కదిలే వస్తువుల వెనక తిరగేసిన రంగుల నీడ వస్తుంది. ఒకటో రెండో చచ్చిన పిక్సెళ్లు ఉంటే మారుస్తారా లేదా అన్నది ఒక్కో కంపెనీకీ ఒక్కో లెక్క, వారంటీ కాగితంలో చదివాకే కొనండి. వాపసు గడువు దాటేదాకా అట్టపెట్టే, థర్మోకోల్ పారేయకండి.