డుబ్రోవ్నిక్‌లో కోట దిగాక

క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్ చేరినవాళ్లు ముందు కోటగోడే ఎక్కుతారు. మేమూ అంతే. చుట్టుకొలత 1,940 మీటర్లు, కొన్నిచోట్ల ఎత్తు 25 మీటర్లు, ఓ పక్క నీలిరంగు ఏడ్రియాటిక్ సముద్రం, ఇంకో పక్క ఎర్రటి పెంకుల కప్పులు. చూసి తీరాల్సిందే. టికెట్ మాత్రం బాగా ఖరీదు. సిటీ బస్సు, మ్యూజియాలు కూడా కలిసొచ్చే డుబ్రోవ్నిక్ పాస్ తీసుకోవడమే నయం. పొద్దున్నే ఎక్కండి, పైన నీడ దొరకడం కష్టం.

నాకు ఊరు అర్థమైంది మాత్రం కిందికి దిగాకే. ఇది రాజులు కట్టుకున్న ఊరు కాదు, వర్తకులది. రగూసా రిపబ్లిక్ అనే స్వతంత్ర రాజ్యంగా ఉన్న రోజుల్లో ఏలిక అయిన రెక్టర్‌కి పదవి ఒక్క నెలే! 1377లోనే, ప్లేగు ఉన్న చోట్ల నుంచి వచ్చినవాళ్లను 30 రోజులు ఊరి బయట ఉంచాలని చట్టం చేశారు. వ్యాపారం ఆగకూడదు, జనమూ చావకూడదు. ఆ ముందుచూపుకి చేతులెత్తి మొక్కాలనిపించింది.

స్ట్రాదున్ అనే పెద్దవీధి ఒకప్పుడు సముద్రపు పాయ. పూడ్చి వీధి చేశారు. రెండు పక్కలా ఒకే ఎత్తులో నిలబడ్డ ఇళ్లు మధ్యయుగానివి అనుకుంటాం గానీ, 1667 ఏప్రిల్ 6న వచ్చిన భూకంపం తర్వాత ఒకే తీరులో మళ్లీ కట్టినవి. వాటి గుమ్మాల దగ్గర కాసేపు ఆగండి. ఒకే కమాను కింద సగం తలుపు, సగం కిటికీ. ఆ కిటికీ కింది రాతిపలకే అంగడి బల్ల. కొట్టువాడు లోపల్నుంచే సరుకు అందించేవాడు. నున్నటి ఆ రాయి మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడిపోయాను.

భూకంపానికి చెక్కుచెదరని స్పొంజా భవనం 1516-22 మధ్య కట్టిన సుంకాల ఇల్లు. తూకం వేసే చోట కమాను మీద లాటిన్‌లో చెక్కిన మాటల సారాంశం ఇది: మా తూనికలు మోసం చెయ్యనివ్వవు, నేను సరుకు తూస్తుంటే దేవుడు నన్ను తూస్తాడు. ఎదురుగా ఓర్లాండో అనే మధ్యయుగపు వీరుడి శిల్పం, 1418 నాటిది. అతని ముంజేతి పొడవు, 51.2 సెంటీమీటర్లు, ఒకప్పుడు ఇక్కడి బట్టల వ్యాపారులకు కొలత. మన మూర లాంటిదే.

బసకి కోట లోపల గది తీసుకున్నాం. "కొన్ని మెట్లే" అన్నారు, తీరా చూస్తే పెట్టెలు మోస్తూ మోకాళ్లు పట్టేశాయి. కోటలోకి కార్లు రావు, రాత్రి పొద్దుపోయేదాకా వీధుల్లో సందడి. మూడో రోజు కోట బయట ఉన్న లాపాద్ అనే పేటకి మారాం. 6వ నంబరు బస్సు కోట పడమటి ద్వారమైన పిలే గేటు దాకా తెస్తుంది, నిద్రా బాగా పట్టింది. పెద్దవాళ్లతో వెళ్తే మొదటినుంచీ అక్కడే ఉండండి. తెల్లవారుజామున ఖాళీ వీధులు చూడాలనుంటే మాత్రం ఒక్క రాత్రి లోపల గడపండి.

నీళ్ల సీసాలు కొనక్కర్లేదు. పిలే గేటు దాటగానే ఒనోఫ్రియో అనే ఇటలీ వాస్తుశిల్పి కట్టిన 16 పలకల ఫౌంటెన్ ఉంది. 1438లో, దాదాపు 12 కిలోమీటర్ల దూరం నుంచి కాలవ తవ్వి నీళ్లు తెచ్చారు. రాతిముఖాల నోళ్లలోంచి ఇప్పటికీ చల్లగా పడుతున్నాయి. మేం రోజూ అక్కడే సీసా నింపుకున్నాం.