ఐప్టేసియా-ఎక్స్ వాడి చూశాను: విజయనగరంలో మా రీఫ్ ట్యాంకు అనుభవం

ఉప్పునీటి పగడాల ట్యాంకులో (రీఫ్ ట్యాంకు) ఐప్టేసియా, అంటే పువ్వులా కనబడుతూ కుట్టే చిన్న సముద్ర అనిమోన్ జీవి, పట్టి నిద్ర పట్టనివాళ్ళకి ముందే చెప్పేస్తాను. అవి రాళ్ళ మీద పైకి కనబడుతూ, ఇంకా లెక్కపెట్టగలిగినన్నే ఉంటే రెడ్ సీ కంపెనీ వాళ్ళ ఐప్టేసియా-ఎక్స్ అనే మందు కళ్ళు మూసుకుని కొనుక్కోండి. సందుల్లోకీ, పైపుల్లోకీ పాకిపోయి ఉంటే మాత్రం ఈ ఒక్క సీసాతో పని తెమలదు.

మాది విజయనగరం, కంటోన్మెంట్ వైపు. ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్తాను. హాల్లో మూడడుగుల ట్యాంకు, 190 లీటర్ల దాకా పడుతుంది. చింతపల్లి సముద్రం దగ్గరే కదా, నీళ్ళు అక్కణ్ణించి తెచ్చుకోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. వానాకాలంలో నదులు పొంగి వచ్చి కలిశాక మన తీరంలో ఉప్పు బాగా పలచబడిపోతుంది. అందుకే ఆర్‌ఓ నీళ్ళలో సాల్ట్ మిక్స్ కలిపి 35 పీపీటీకి (లీటరుకి దాదాపు 35 గ్రాముల ఉప్పు) తెచ్చుకుంటాను. లోపల క్లౌన్ చేపల జత, జువాంథిడ్లు (గుత్తులుగా పెరిగే, పగడాలకి బంధువులైన చిన్న జీవులు), మష్రూమ్ పగడాలు, ఒక లెదర్ కోరల్ (మెత్తటి పగడం) ఉన్నాయి. రాతి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి కాబట్టి వాటి జోలికి పోలేదు. మీరూ పోవద్దు.

జువాంథిడ్ ముక్క ఒకటి పార్సిల్లో తెప్పిస్తే దాని అడుగున దాక్కుని వచ్చిందీ పీడ. లేత గోధుమరంగు కాడ, వెలుతురు పడితే అవతలి పక్క కనబడేంత పలచన. పైన సన్నగా, పొడుగ్గా, మొనదేలిన టెంటకిల్స్ (తిండి పట్టే తీగలు). ఇంటికొచ్చినవాళ్ళు దాన్నే చూపించి ‘ఈ పువ్వు బాగుందే’ అనేవారు. అది కుట్టే దూరంలో ఉన్న జువాంథిడ్లు మాత్రం పొద్దస్తమానం ముడుచుకునే ఉండేవి, పక్క వరసలోవి హాయిగా విచ్చుకుని ఉంటే.

దీన్ని పట్టకారుతో పీకకండి. పొలంలో తుంగ పీకినట్టే ఉంటుంది, పైది చేతికొస్తుంది, గడ్డ లోపలే ఉండిపోతుంది. ఎవరూ ముట్టుకోకపోయినా ఐప్టేసియా తన పాదం అంచు నుంచి చిన్న తునకలు వదులుతూ ఉంటుంది. ఒక్కో తునకా ఒక్కో పిల్ల అనిమోన్ అయి కూర్చుంటుంది. ఇంత సులువుగా పెరుగుతుంది కాబట్టే పగడాలకీ వాటి లోపలుండే ఆల్గేకీ మధ్య సహజీవనం మీద పరిశోధన చేసే ల్యాబుల్లో దీన్ని పనిగట్టుకుని పెంచుతారు. 2015లో దీని జీనోమ్ (మొత్తం జన్యుపటం) కూడా ప్రచురించారు. ల్యాబుకి వరం, మన ట్యాంకుకి శాపం.

మందు ధర చూసి మా ఆయన, “దీనికింత డబ్బెందుకు? కిళ్ళీ బడ్డీలో సున్నం తెచ్చీమంటావేటి?” అన్నారు. మాటలో పస ఉంది. సున్నం అంటే కాల్షియం హైడ్రాక్సైడే. చిక్కగా కలిపి సిరంజితో పెడితే ఐప్టేసియా చస్తుంది, చాలామంది అదే వాడతారు. “పని చేస్తుందండీ, కానీ దాని ఘాటు నా చేపలు తట్టుకోలేవు” అన్నాను. నీళ్ళలో సున్నం కరగగలిగినంతా కరిగితే పీహెచ్ 12.4 దగ్గరకి పోతుంది. చిన్న ట్యాంకులో ఒకేసారి ఎక్కువ పడితే అన్నిటికీ ప్రమాదమే. పైగా కిళ్ళీ సున్నంలో ఇంకేం కలిపారో మనకి తెలీదు. సున్నమే వాడదలిస్తే అక్వేరియం కోసం అమ్మే కాల్క్‌వాసర్ పొడి కొని, రోజుకి రెండు మూడింటికి మించి పెట్టకండి.

రాయి బయటికి తీసి మరుగునీళ్ళు పోస్తే సరిపోతుందని సలహా ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. జువాంథిడ్లు ఉన్న రాయి మీద ఆ పని చచ్చినా చేయొద్దు. వాటిలో కొన్నిటిలో పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. వేడినీళ్ళు పోసినా, బ్రష్‌తో గట్టిగా తోమినా అది ఆవిరితో, తుంపరతో ఊపిరితిత్తుల్లోకి పోయి ఇంటిల్లిపాదీ ఆసుపత్రిపాలైన సంఘటనలు విదేశాల్లో జరిగాయి. పసిపిల్లలున్న ఇళ్ళలో ఈ సంగతి మరీ గుర్తుండాలి.

ఇక మందు సంగతి. ఊళ్ళో అక్వేరియం షాపుల్లో గప్పీలు, గోల్డ్‌ఫిష్‌లే కాబట్టి ఆన్‌లైన్లో తెప్పించాను. తెల్లటి చిక్కటి ద్రవం, దాంతోపాటు సిరంజి, దానికి తగిలించే గొట్టం వస్తాయి. ముందు పంపులు, నీళ్ళలో అలలు రేపే వేవ్‌మేకర్ ఆపేసి నీళ్ళు పూర్తిగా నిలవనివ్వాలి. సీసా బాగా కుదపాలి. సిరంజి కొసని పక్కనుంచి, నీడ పడకుండా, చాలా నెమ్మదిగా తేవాలి. తగిలిందంటే చటుక్కున బొరియలోకి ముడుచుకుపోతుంది, ఇక ఆ పూటకి దాన్ని వదిలేయడమే. తగలకుండా నోటికి కాస్త పైన ఆపి, ఒక్క బొట్టు నిదానంగా వదిలితే టెంటకిల్స్ దాన్ని తిండనుకుని అంటించుకుని లోపలికి లాక్కుంటాయి. నోరు మూసుకుంటుంది. కాడ పొట్టిదైపోతుంది, ఉబ్బుతుంది, ఒంట్లోంచి తెల్లటి సన్నదారాలు బయటికొస్తాయి. ఆ దారాలు దాని ఆయుధాలు, వాటినిండా కుట్టే కణాలే. కాసేపటికి రాయి మీద తెల్లటి ముద్ద తప్ప ఏమీ మిగలదు. నేను పదిహేను నిమిషాలాగి, ఆ ముద్దని సన్నగొట్టంతో పీల్చి పారేసి, అప్పుడు పంపులు వేస్తాను.

పెద్దవి మొదటిసారికే పోయాయి. పక్కనున్న జువాంథిడ్లు ఆ పూటంతా ముడుచుకుని, తెల్లారేసరికి విచ్చుకున్నాయి. చేపలకి ఏమీ కాలేదు. తర్వాతి ఆదివారం చూస్తే అదే రాయి మీద ఆవగింజంత పిల్లలు. అది మందు లోపం కాదు, ఆ జీవి తత్వమే అంత, తునకలు ముందే పడి ఉంటాయి. కాస్త పెరగనిచ్చి, నోరు కనబడేంత అయ్యాక మళ్ళీ వేశాను. రెండు మూడు విడతలు పడుతుందని మనసులో పెట్టుకునే మొదలుపెట్టండి. చేపలకి మేత తగ్గించడం కూడా కలిసొచ్చింది, మిగులు మేత మీదే ఇవి బలుస్తాయి.

సందుల్లో ఉన్నవాటికి, ఐప్టేసియాని తినే పెప్పర్‌మింట్ రొయ్యలు మంచి మందు. ఒక షాపులో అడిగితే “పెప్పర్‌మింటేనండి మేడమ్, గ్యారంటీ” అని పంపారు. సంచి విప్పకముందే తెలిసింది అవి కామెల్ రొయ్యలని. వీపు మీద గూను, ముక్కు పైకి మడుచుకునేలా కీలు, ఒంటినిండా తెలుపూ ఎరుపూ గీతలు, చుక్కలు. అసలు పెప్పర్‌మింట్‌కి పలచటి ఒంటి మీద సన్నటి ఎర్రగీతలే ఉంటాయి, ఈ గూను ఉండదు. కామెల్ రొయ్య ఐప్టేసియాని వదిలేసి మన జువాంథిడ్లనే కొరుక్కు తింటుంది. డబ్బు తిరిగిమ్మంటే ఫోన్ ఎత్తడం మానేశారు. ఫొటో తెప్పించుకుని వీపు చూశాకే డబ్బు పంపండి.

ట్యాంకులోంచి పొర్లే నీళ్ళు పడే ఓవర్‌ఫ్లో పెట్టెలో ఉన్నవాటికి మందు వేయడానికి చెయ్యి దూరదు. అక్కడ వెలుతురు లేక పాలిపోయాయి గానీ చావలేదు. ఎండాకాలం సెలవుల్లో ఆ పెట్టెని విప్పి విడిగా ఎండబెడదామని ఉంది.

సిరంజిని, గొట్టాన్ని పని అయిన వెంటనే మంచినీళ్ళతో కడిగేయండి. మందు లోపల ఎండిపోతే రంధ్రం పూడుకుపోతుంది.